ఆనపకాయ జ్యూసు, రక్తపు వాంతులు, చరకుడి ఇక్ష్వాకు: పర్లాకిమిడి నుంచి ఒక కేసు

పేషెంటు 54 ఏళ్ల మగమనిషి, ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే వైపు ఒక ఊళ్లో కిరాణా కొట్టు. షుగరు చాలా ఏళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు, బీపీకి టెల్మిసార్టాన్. మందు, సిగరెట్టు లేవు, గ్యాస్ట్రిక్ అల్సర్ ఉన్నట్టు పాత కాగితాల్లో ఎక్కడా లేదు, నొప్పుల మాత్రలు కూడా వాడరు. పేరూ ఊరూ రాయట్లేదు, మిగతాది రాసుకోమని ఆయనే అన్నారు, "ఇంకోడు తాగకుండా ఉంటాడు బాబూ" అని.

తెచ్చేటప్పటికి ఉదయం పదిన్నర దాటింది. ఆటోలోంచి దింపుతుంటేనే లుంగీ మీద కాఫీ పొడి రంగు మరకలు, కొంచెం ఎర్ర రక్తం కూడా. పల్స్ 128, బీపీ 70/40, చేతులూ కాళ్లూ చల్లగా, చెమట, కానీ మనిషి స్పృహలోనే ఉన్నారు, అడిగిందానికి జవాబు చెప్తున్నారు. జ్వరం లేదు, ఆక్సిజన్ 97. పొట్ట మెత్తగానే ఉంది, పైభాగంలో నొక్కితే నొప్పి. గ్లూకోమీటర్లో షుగరు 188. వాంతులు లెక్కలేనన్ని అయ్యాయి, చివరి రెండింట్లో రక్తం, నీళ్ల విరేచనాలు కూడా ఉన్నాయి.

ఇలాంటి మనిషి వస్తే ఈ సరిహద్దులో ఎవరికైనా మొదట వచ్చే అనుమానం పురుగుమందు. పత్తి, వంగ వేసే ఊళ్లు, ఇంట్లోనే డబ్బా ఉంటుంది, బయటికి చెప్పరు. కానీ ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే కంటిపాపలు సూదిమొనలా చిన్నవైపోవాలి, నోట్లోంచి లాలాజలం కారాలి, కండరాలు అదరాలి, ఈయనకి అవేవీ లేవు, పాపలు మామూలుగా ఉన్నాయి, నోరు ఎండిపోయి ఉంది, వాసన లేదు. రెండోది గుండె, షుగరు ఉన్నవాళ్లకి ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి వాంతులతోనే హార్ట్ ఎటాక్ రావచ్చు కాబట్టి ఈసీజీ వెంటనే తీశాం, గుండె వేగం తప్ప తేడా ఏమీ లేదు. షుగరు బాగా అదుపు తప్పి ఇలా అయిందేమో అని చూస్తే యూరిన్లో కీటోన్లు లేవు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో పొట్టలో చిల్లు పడిన గుర్తులు లేవు. ఇక మిగిలింది ఏదో తిన్నారు లేదా తాగారు, అదేంటో తెలియాలి.

అప్పుడు వాళ్లావిడ చెప్పారు. ఈయన కొన్నాళ్లుగా పొద్దున్నే పరగడుపున ఆనపకాయ జ్యూసు తాగుతున్నారట, ఫోన్లో ఎవరో చెప్పిన వీడియో చూసి, షుగరు తగ్గుతుందని. రోజూ బజార్లో కొన్న కాయే. ఆ రోజు మాత్రం దొడ్లో పాదుకి కాసిన కాయ కోశారు. మిక్సీలో వేసి వడకట్టి పెద్ద గ్లాసు, పావు లీటరు పైనే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే చేదు. "సేదుగా ఉంది, పారెయ్యండి అని సెప్తే ఇనలేదండి బాబూ, సేదుంటేనే సుగరుకి పని సేస్తాది అని ముక్కు మూసుకుని తాగీసినారు" అన్నారావిడ. ఆవిడ ఒక స్పూను రుచి చూశారు, ఆవిడకి వికారం, ఒకసారి విరేచనం, అంతటితో ఆగిపోయింది. ఒకే కాయ, ఒకరికి స్పూను ఒకరికి గ్లాసు, తేడా అంతా అక్కడే కనిపిస్తోంది.

తాగిన అరగంటకే గుండెల్లో మంట, వాంతులు మొదలు. ఇక్కడ అసలు సంగతి, అంటే నేను ఈ కేసు రాయడానికి కారణం. మొదటి రెండు మూడు గంటలు ఇంట్లో ఎవరూ భయపడలేదు. పెద్దాయన, పేషెంటుకి మేనమామ వరస, "కక్కనీరా, పైత్యం అంతా పోద్ది, లోపల్ది సుబ్బరం అవుద్ది" అని గోరువెచ్చని ఉప్పునీళ్లు చెంబుతో తాగించారట, ఇంకా బాగా రావాలని. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వైద్యం అదే, వాంతి అంటే రోగం కాదు, మందు. రక్తం కనిపించాకే ఆటో పిలిచారు.

కొడుకుని ఇంటికి పంపి మిగిలిన సగం కాయ తెప్పించాను. చూడ్డానికి ఏ తేడా లేదు, లేత ఆకుపచ్చ, మామూలు దానికంటే కొంచెం పొట్టిగా, మెడ సన్నగా. చిన్న ముక్క నాలుక కొసకి ఆనించి వెంటనే ఉమ్మేశాను, ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ చేదు చాలాసేపు పోలేదు. ఈ చేదుకి కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం, అది కొలిచే ల్యాబు మన దగ్గర ఎక్కడుంది, ఇలాంటి కేసులో డయాగ్నసిస్ అంటే హిస్టరీ, రుచి, టైము, మిగతావి కావని తేల్చుకోవడం, అంతే.

ట్రీట్‌మెంట్ చెప్పుకోవడానికి పెద్ద విశేషం లేదు కానీ వరస ముఖ్యం. రెండు చేతులకీ పెద్ద క్యాన్యులాలు, రింగర్ లాక్టేట్ వేగంగా. రెండు లీటర్లు వెళ్లాక కూడా పై బీపీ 82 దగ్గరే ఆగింది, అప్పుడు బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ చిన్న డోసులో మొదలుపెట్టాం, సాయంత్రానికి ఆపేశాం. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ 80 మి.గ్రా. నరానికి ఇచ్చి తర్వాత గంటకి 8 మి.గ్రా. చొప్పున, వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్, పొటాషియం 3.3 ఉంటే సరిచేశాం. పొట్ట కడగలేదు, బొగ్గు పొడి ఇవ్వలేదు, నాలుగు గంటలు దాటి రక్తం కక్కుతున్న మనిషి గొంతులో గొట్టం వేసి సాధించేది ఏమీ లేదు, పైగా లోపలి పొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ ఆపేసి ఇన్సులిన్ మీద పెట్టాం. రక్తం గ్రూపు చూసి రెండు ప్యాకెట్లు సిద్ధంగా ఉంచమన్నాం, అవసరం పడలేదు. వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 15.8, అది బాగుండి కాదు, ఒంట్లో నీరు పోయి రక్తం చిక్కబడి, మర్నాటికి 12.9కి దిగింది. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 1.6, సోడియం 146, తెల్లకణాలు 16,200, లివర్ ఎంజైములు కొంచెం పైకి. సోడియం ఆ కాస్త ఎక్కువ ఉండటంలో ఉప్పునీళ్ల చెంబు పాత్ర ఎంత, వాంతుల వల్ల నీళ్లు పోవడం పాత్ర ఎంత అని విడదీయలేం.

బీపీ నిలబడ్డాక మర్నాడు అంబులెన్సులో శ్రీకాకుళం పంపి ఎండోస్కోపీ చేయించాం. అన్నవాహిక కింది భాగం ఎర్రగా వాచి ఉంది, జీర్ణాశయం చివర అంతా ఒరుసుకుపోయిన పుండ్లు, డుయోడినంలో, అంటే చిన్నపేగు మొదట్లో, మొదటి రెండు భాగాల్లోనూ పైపైన అల్సర్లు, రక్తం కారడం ఆగిపోయింది. మెలరీ వైస్ అంటారు, బలంగా కక్కితే అన్నవాహిక చీరుకోవడం, నేను ముందు అదే అయ్యుంటుందనుకున్నాను, అది లేదు. అంటే కక్కిన బలానికి రక్తం రాలేదు, కాయలోని పదార్థమే పొరని తినేసింది. మూడో రోజు నుంచి పల్చటి గంజి, ఐదో రోజు డిశ్చార్జి, క్రియాటినిన్ 1.0కి వచ్చింది.

ఇప్పుడు కాయ సంగతి. దొడ్లో ఆ పాదు ఎవరూ వేసింది కాదు, దానంతట అదే మొలిచింది. ఇంకొంచెం అడిగితే తెలిసింది, కిందటేడాది కొండ మీద నుంచి సంతకి వచ్చిన సవర గిరిజనుల దగ్గర ఒక ఎండిన ఆనపబుర్ర ముచ్చటపడి కొన్నారు, గోడకి తగిలించడానికి, మూతి కోసి గింజలు దొడ్లో దులిపేశారు. మహేంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లకీ జీలుగు కల్లుకీ గింజలు దాచుకోడానికీ ఇప్పటికీ బుర్రలు వాడతారు కదా, ఆ పాదులు పాత్ర కోసం పెంచేవి, కూర కోసం కాదు, పెంకు గట్టిగా ఉందా లేదా చూస్తారు, గుజ్జు రుచితో వాళ్లకి పనిలేదు. కాయ చేదుదైతే బుర్రని చాలాసార్లు నీళ్లు పోసి నానబెట్టి పారబోశాకే వాడతారు. వాళ్లకి ఏది కూరది ఏది బుర్రది అని కచ్చితంగా తెలుసు. మనకే తెలియదు.

ఇంకో దారిలో కూడా చేదు రావచ్చు. కూర ఆనప పక్కన చేదు పాదు ఉంటే పుప్పొడి కలిసి, ఆ ఏడాది కాయ బాగానే ఉంటుంది ఎందుకంటే గుజ్జు తల్లి మొక్కదే, కానీ ఆ గింజ దాచి మళ్లీ నాటితే వచ్చే కాయ చేదు కావచ్చు. నీరు సరిగా అందక, బాగా ముదిరిపోయి కూడా చేదెక్కుతుందంటారు. అందుకే ఇన్నాళ్లూ తిన్న పాదే కదా అన్న ధీమా కూడా పనికిరాదు. వండితే పోతుందా అంటే పోదు, కుకుర్బిటాసిన్లు వేడికి నాశనం కావు. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో 79 ఏళ్ల ఆయన పక్కింటివాళ్లు ఇచ్చిన ఇంటి జుకీనీతో వండిన కూర తిని చనిపోయారు, అది కూడా ఈ కుటుంబం కాయే. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ జ్యూసు కలిపి తాగి చనిపోయాక ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, నిపుణుల కమిటీ వేసింది, వాళ్ల రిపోర్టు 2012లో అచ్చయింది. చెప్పింది చాలా సింపుల్, జ్యూసు తీసే ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదుగా ఉంటే పారేయండి, వేరే జ్యూసుతో కలపొద్దు, తాగాక వికారం వాంతి వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కలపొద్దు అన్నది చాలామంది పట్టించుకోరు, కాకరకాయతో కలిపితే ఏ చేదు దేనిదో నాలుకకి తెలియదు. కాకరకాయకి చేదు సహజం, ఆనపకాయకి చేదు ఉందంటే కాయ తేడా.

దీనికి విరుగుడు మందు లేదు. ఇంగ్లీషు వైద్యంలో లేదు, నాటులోనూ లేదు.

పేషెంటు ఇంకా వార్డులో ఉండగానే ఈ సంగతి మా ఊళ్లోనే పంచకర్మ చేసే ఆయుర్వేద డాక్టరు ఫ్రెండుతో అన్నాను. ఆయన నవ్వి, "మీరు చూసింది ఇక్ష్వాకు అండీ, చరకుడు దాని మీద ఒక అధ్యాయమే రాశాడు" అన్నారు. తర్వాత ఆయన దగ్గర కూర్చుని విన్నది, పుస్తకం తెరిచి చూపించింది కలిపి చెప్తున్నా. చరక సంహిత కల్పస్థానంలో వాంతి చేయించే మందులు ప్రధానంగా ఆరు. మదనఫలం, అంటే మన మంగకాయ, దానితో 133 యోగాలు, అంటే మందు తయారీలు. జీమూతకం, దేవదాళి, 39. ఇక్ష్వాకు, చేదు ఆనప, 45. ధామార్గవం 60, వత్సకం, అంటే కొడిసెపాల, 18, కృతవేధనం 60. మొత్తం 355. ఇందులో మంగ, కొడిసెపాల తీసేస్తే మిగతా నాలుగూ సొర, బీర కుటుంబం పాదులే. అంటే ఈ చేదు పాదు కాయలు మనిషిని కక్కిస్తాయని ఎప్పుడో గమనించి, దాన్ని ఒక పద్ధతిలో పెట్టి వాడుకున్నారు. మా పేషెంటుకి జరిగింది కొత్త విషమేమీ కాదు, పాత మందే, డోసూ లేదు, చూసే మనిషీ లేడు.

నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే అన్నిటిలో మంగకాయకి పెద్దపీట వేయడానికి చరకుడు చెప్పిన కారణం, అది ఎక్కువ కక్కిస్తుందని కాదు, దానితో ప్రమాదాలు తక్కువని. ఆ కాయ తయారీ వింటే ఓపిక ఉండాలి అనిపిస్తుంది. వసంతానికీ గ్రీష్మానికీ మధ్య పండిన కాయలు ఏరి, దర్భల్లో చుట్టి, పేడ పూసి, ధాన్యం పొట్టులో ఎనిమిది రాత్రులు కప్పెట్టి, తీసి ఎండబెట్టి, లోపలి గింజలు మాత్రం నెయ్యి, పెరుగు, తేనెలతో నలిపి మళ్లీ ఎండబెట్టి దాచాలి. సుకుమారంగా ఉన్నవాళ్లకైతే మింగించకుండా ఆ పొడి తామరపువ్వు మీద చల్లి వాసన చూపించే పద్ధతి కూడా ఉంది.

మందు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న కాపలా చూడండి. ముందు కొన్ని రోజులు నెయ్యి తాగించడం, ఒళ్లు కాపడం, ఆ రోజు పాలో అతిమధురం కషాయమో కడుపు నిండా పట్టించి తర్వాత మందు, వేగాలు, అంటే ఎన్నిసార్లు కక్కారో, లెక్కపెట్టడం, బాగా అయితే ఎనిమిది, మధ్యస్థంగా ఆరు, తక్కువైతే నాలుగు, పైత్యం కనబడిందా ఆపేయాలి, తర్వాత రోజుల తరబడి గంజి నుంచి అన్నం దాకా మెట్టు మెట్టుగా. ఎవరికి చేయకూడదో పెద్ద జాబితా ఉంది, ముసలివాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు, బలహీనులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, పైనుంచి రక్తం పడేవాళ్లు. తేడా వస్తే ఏమవుతుందో కూడా రాశాడు, పది ఉపద్రవాలు, అందులో ఒకటి జీవాదానం, మందు ఎక్కువై మంచి రక్తమే బయటికి రావడం. ఆ రక్తం జీవరక్తమా, అంటే మంచి రక్తమా, లేక రక్తపిత్తమా, అంటే పైత్యంతో చెడిన రక్తమా తేల్చడానికి అన్నంలో కలిపి కాకికో కుక్కకో పెట్టమంటాడు, లేదా తెల్లగుడ్డకి అద్ది ఆరబెట్టి వేణ్నీళ్లతో ఉతికి మరక పోయిందా లేదా చూడమంటాడు. ఆ పరీక్ష నేను వార్డులో చేయించను లెండి, కానీ చేదు ఆనప లాంటి మందులిచ్చి రక్తం కక్కిన మనుషుల్ని చూడకపోతే ఆ అధ్యాయం రాయడం కుదరదు. మా ఎండోస్కోపీ రిపోర్టులో ఉన్నదే వాళ్లు బయటి నుంచి చూశారు.

కక్కించడం మన ఒక్కరి పిచ్చే కాదు. గ్రీకులు తెల్ల హెలిబోర్ వేరు ఇచ్చేవారు, అదీ మనిషిని చంపగలిగేదే. బ్రెజిల్ అడవిలో ఇపికాక్ అనే చిన్న మొక్క వేరు 17వ శతాబ్దంలో యూరపు చేరింది, ప్యారిస్‌లో హెల్వీషియస్ అనే వైద్యుడు దాన్ని జిగట విరేచనాలకి రహస్య మందుగా అమ్మాడు, ఫ్రాన్సు రాజు 14వ లూయీ ప్రభుత్వం ఆ రహస్యాన్ని డబ్బిచ్చి కొంది. 1817లో పెల్లెటియర్, మజెండీ అందులోంచి ఎమెటిన్ తీశారు, 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఎమెటిన్ ఇంజెక్షన్‌తో అమీబా విరేచనాలు తగ్గించి చూపించారు. అది ఖరీదు కాబట్టి మన దేశంలో తెల్లవాళ్ల కాలంలో జిల్లేడు వేరు బెరడుని దానికి బదులు వాడి చూశారు. 1965 నుంచి అమెరికాలో ఇపికాక్ సిరప్ చీటీ లేకుండా అమ్మారు, పిల్లలున్న ఇంట్లో సీసా ఉండాలి అనేవారు. 2003లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే ఇంట్లో వాడొద్దని చెప్పేసింది. ఎందుకంటే కక్కించినా లోపలికి వెళ్లిన విషంలో ఎంత బయటికి వస్తుందో నమ్మకం లేదు, కక్కిన కొద్దీ మిగతా వైద్యం ఆలస్యం, యాసిడ్ అయితే గొంతు రెండోసారి కాలుతుంది, కిరసనాయిలు అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఈ ఆఖరిది మా ప్రాంతానికి చాలా కావాల్సిన మాట. ఇక్కడ పురుగుమందు తాగినవాడికి పేడనీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు నీళ్లు, ఉప్పునీళ్లు పట్టించి తెస్తారు, కొన్నిసార్లు మైలుతుత్తం కూడా. మైలుతుత్తం కక్కిస్తుంది నిజమే, పాత వైద్యంలో ఉంది కూడా, కానీ అది రక్తకణాల్ని పగలగొట్టి కిడ్నీలు ఆపేయగలదు. స్పృహ తప్పుతున్న మనిషిని పడుకోబెట్టి పేడనీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది అదే, అలా వచ్చినవాళ్లకి విషం కంటే న్యుమోనియాతోనే ఎక్కువ తంటాలు. ఉప్పునీళ్లు అంటే అందరికీ చులకన, పెద్ద స్పూను ఉప్పు దాదాపు 15 నుంచి 18 గ్రాములు, నాలుగైదు స్పూన్లు పోసి కక్కిస్తే, అవి బయటికి రాకపోతే, సోడియం పెరిగి ఫిట్స్ వచ్చి పోయినవాళ్లు ఉన్నారు. ఈ మాట ఊళ్లో చెప్తే మీరు ఆసుపత్రి డబ్బు కోసం చెప్తున్నారంటారు, అదో గోల.

ఈ కేసులో ఉప్పునీళ్ల కంటే ఎక్కువ దెబ్బకొట్టింది టైమే. మేనమామగారు పెద్ద మనిషి, డిశ్చార్జి రోజు నన్ను సూటిగానే అడిగారు, "మరి ఆయుర్వేదంలో కక్కిస్తారు గదా బాబూ, అది మంచిదైతే ఇదెందుకు చెడ్డది?" అని. నా ఫ్రెండు అక్కడే ఉన్నారు, ఆయనే జవాబిచ్చారు, "మామయ్యా, నేను కక్కించేవాడికి ముందు వారం రోజులు నెయ్యి తాగిస్తాను, బీపీ షుగరు చూస్తాను, సెలైన్ సీసా పక్కన పెట్టుకుంటాను, ఎనిమిది దాటితే ఆపేస్తాను. మీ అల్లుడు అప్పటికే ఇరవై దాటాడు, మీరు ఇంకా ఉప్పునీళ్లు పోస్తున్నారు." పెద్దాయన ఒప్పుకున్నారో లేదో తెలియదు, తలూపారు. కక్కించడం మీద నా అభిప్రాయం ఆయన అభిప్రాయం ఒకటి కాదు, చర్మ వ్యాధులకి వమనం, అంటే కక్కించే చికిత్స, ఎంత పనిచేస్తుందన్నదానిపై మేం ఎప్పటినుంచో వాదించుకుంటాం, కానీ ఈ విషయంలో మా ఇద్దరికీ తేడా లేదు.

ఫాలోఅప్: రెండు వారాలకి వచ్చారు, మంట లేదు, తిండి బాగానే తింటున్నారు. జుట్టు రాలుతోందా అని ప్రత్యేకంగా అడిగాను, 2018లో ఫ్రాన్స్‌లో చేదు గుమ్మడి జాతి కాయ తిన్న ఇద్దరు ఆడవాళ్లకి కొన్ని వారాల తర్వాత జుట్టు విపరీతంగా ఊడిన కేసు రిపోర్టు అయింది. ఈయనకి అలాంటిదేమీ లేదు, అప్పటికే బట్టతల కాబట్టి కచ్చితంగా చెప్పలేం అని ఆయనే జోకేశారు. ఆరు వారాలకి మళ్లీ ఎండోస్కోపీ చేయిద్దామంటే వద్దన్నారు, లక్షణాలు లేవు కాబట్టి బలవంతపెట్టలేదు. పాదు పీకేసి కాయలన్నీ గోతిలో పూడ్చారట, పశువులకి కూడా వేయలేదు, అది నేను చెప్పిందే.

ఆయన జ్యూసు మొదలుపెట్టడానికి కారణం మాత్రం అలాగే ఉంది. చూస్తే మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9. జ్యూసు మీద నమ్మకంతో రాత్రి మాత్ర సగం రోజులు మానేసేవారని అప్పుడు బయటపడింది. మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టి డోసు పెంచాం, గ్లిమిపిరైడ్ టైము మార్చాం, మూడు నెలలకి మళ్లీ టెస్టు రాశాను. ఓపీ చీటీ మీద షుగరు వాళ్లని అడిగే ప్రశ్నల్లో "ఏ జ్యూసు తాగుతున్నారు, కాయ ఎక్కడిది" అని ఒక లైను మా సిస్టర్ చేత కలిపించాం. ఇప్పటికే వస్తున్న జవాబులు వింటుంటే ఆనపకాయ ఒక్కటే కాదు, వేపాకు, తిప్పతీగ, కాకర, ఇంకా పేరు తెలియని ఆకులు కూడా ఉన్నాయి.